బీడీలా చుట్టిన టికెట్టు

ఎనభైల్లో ఓ మధ్యాహ్నం, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. బీడీలు చుడుతుందని తెలియగానే, బీడీ కార్మికుల మీద నేను చేస్తున్న పరిశోధన సంగతి చెప్పి నోటుబుక్కు తీశాను.

“మంచిగ చుట్టిన కట్టలు గూడ బాగలెవ్వని పక్కకు పెడ్తడు. మల్ల ఆయనే అమ్ముకుంటడు,” అంది, తనకు ఆకు, తంబాకు ఇచ్చే ఖార్ఖానా సేటు గురించి. ఎట్లా చుడతావని అడిగితే, బస్సు టికెట్టునే ఎడమచేత్తో బీడీలా చుట్టి చూపింది. కుడిచేయి చిన్నప్పుడే విరిగిందట.

దిగబోతూ నా నోటుబుక్కు మీద చేయి పెట్టింది.

“నా పేరు రాయకు బిడ్డా. సేటుకు ఎరుకైతే ఆకియ్యడు.”

“రాయను అవ్వా,” అన్నాను.

నిజంగానే రాయలేదు. అసలు అడగనే లేదు. ‘ఎడమచేత్తో బీడీలు చుట్టే ఒక ముసలామె’ అని మాత్రం రాసి, ఆమె చెప్పిందంతా కింద పెట్టాను. పుస్తకం అచ్చయ్యాక, ఖార్ఖానా చూడనిచ్చిన మర్యాదకు ఒక ప్రతి సేటుకూ ఇచ్చాను. ఎవరి పేరూ లేదు కదా అన్న ధీమా నాది.

ఆయన ఆ పేజీ దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు.

ఆ అవ్వ పేరు నేను మొదటిసారి విన్నది ఆయన నోటనే.