పైన ఏముందో తెలియని కొండ

లిఫ్టులు బాగుచేసే మేస్త్రి ముప్పై ఏళ్లుగా చీటీ రాసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టి ఎరగడు. తాడు చూడాలి, బ్రేకు చూడాలి, తలుపు సందు చూడాలి, చూసినదానికల్లా టిక్కు పెట్టాలి. అందుకే ఒక సాయంత్రం భార్య టీ గ్లాసు చేతికిస్తూ, "వచ్చే ఆదివారం ఊరవతల కనబడే ఆ కొండెక్కి వద్దామండీ" అన్నప్పుడు, "ఓస్, అదెంత పని" అన్నాడు.

అదెంత పనో వారమంతా తెలిసొచ్చింది.

ఆమె పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. ఇప్పుడు కొండెందుకని అడిగితే, "ఊరికే" అంది. ఆ 'ఊరికే' మేస్త్రికి ఎంతకీ కొరుకుడు పడలేదు.

ముందు బూట్ల దుకాణంవాణ్ణి అడిగాడు. "మూడు గంటలండీ. పాటలు పాడుకుంటూ వెళ్లొచ్చు" అన్నాడతను. తర్వాత బావమరిదికి ఫోను చేశాడు. అతను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి ఎక్కాడట.

"ఏడు గంటలు బావా, ప్రాణాలు తోడేస్తుంది. సగం దూరంలో దారి చీలుతుంది. కుడికి తిరుగు... కాదు కాదు, ఎడమకి. ఆగు, నాకు గుర్తున్నది దిగేటప్పటి కుడి. అంటే ఎక్కేటప్పుడు..." అక్కడితో అతనూ ఆగిపోయాడు.

ఫోనులో మ్యాపు చూస్తే గంటా నలభై నిమిషాలంది. తీరా చూస్తే అది కారులో కొండ చుట్టూ తిరిగి అవతలి ఊరు చేరే సమయం.

ఎత్తు దగ్గర మాత్రం అందరిదీ ఒకటే మాట, ఏడువందల ఎనభై మీటర్లు. అంతస్తుకు మూడు మీటర్ల లెక్కన రెండువందల అరవై అంతస్తులు! అతను చూసుకునే భవనాల్లో పెద్దదానికి ఇరవై రెండే. ఒకసారి కరెంటు పోయి ఆ ఇరవై రెండూ మెట్లమీద ఎక్కి మెషీను గదిలో చతికిలబడ్డ సంగతి గుర్తొచ్చి మేస్త్రికి అప్పుడే ఆయాసం వచ్చింది.

నీళ్లు, టార్చి, మందులు, ఇరవై మీటర్ల తాడు అంటూ చీటీ పొడుగవుతూ పోయింది. శుక్రవారానికి సంచి పదిహేడు కిలోలు తూగింది. భార్య దాన్ని ఎత్తబోయి వదిలేసింది.

"కొండెక్కుతున్నామా, కాపురం మారుస్తున్నామా?"

"అది సరే గానీ, నీ ఒంట్లో బాగానే ఉందా? డాక్టరేమైనా అంటే నాకు చెప్పకుండా దాస్తున్నావా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. మేస్త్రి అయోమయం ఇంకాస్త ముదిరింది.

శనివారం స్కూటరు వేసుకుని కొండ కింది అటవీశాఖ గేటు దగ్గరికే వెళ్లాడు. అక్కడి గార్డు అన్నీ విని, చీటీ కూడా చూసి నవ్వాడు.

"అందరూ నిజమే చెప్పారండీ. ఎక్కడానికి మూడు గంటలు. ఏడంటే రానూపోనూ, మధ్యలో కూర్చోవడంతో సహా. చీలిక దగ్గర ఎడమదారి పట్టండి, చెట్లమీద తెల్లగీతలుంటాయి. గీత కనబడకపోతే వెనక్కి రండి, ముందుకెళ్లి వెతక్కండి. ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కణ్ణించి దిగిపోవాలి."

"పైకి పదడుగులే ఉంటే?"

"పదడుగులున్నా సరే. ఇంతకీ చీటీలో ఈ తాడెందుకండీ?"

"ఏమో మరి" అన్నాడు మేస్త్రి నిజాయితీగా.

ఆదివారం ఎనిమిదిన్నరకి నడక మొదలైంది. దారి నిచ్చెన వేసినట్టు నిటారుగా ఉంది. చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కాల్సిన చోట్లున్నాయి. చీలిక దగ్గర గీత కనబడలేదు. మేస్త్రి బుర్రలో గార్డు మాట, బావమరిది మాట కలగాపులగమైపోయాయి, కుడికి నడిపించాడు. అరగంటకి దారి పొదల్లో కలిసిపోయింది. వెనక్కి వచ్చాక భార్య ఒక చెట్టుమీది నాచు గోటితో గీకితే తెల్లరంగు బయటపడింది.

ఒంటిగంటకి ఇంకా అడవిలోనే ఉన్నారు. తలెత్తితే ఆకులే, ఆకాశం లేదు. మేస్త్రి భయపడుతూనే టైము చెప్పాడు. ఆమె బండమీద కూలబడి పకపకా నవ్వింది.

"మా వార్డు కిటికీలోంచి ఈ కొండ కనబడుతుందండీ. నెలల తరబడి కాలికి కట్టుతో పడుకున్నవాళ్లు, 'పైన ఏముంటుంది సిస్టర్?' అని అడుగుతారు. ఒక తాతకి చెరువుందని చెప్పాను. ఇంకొకాయనకి పసుప్పచ్చ పూలతోటన్నాను. పోయిన వారం ఇద్దరికీ పక్కపక్క మంచాలు పడ్డాయి. చెరువని ఒకరు, తోటని ఒకరు, ఒకటే గొడవ! నువ్వు ఎక్కావా లేదా అని నిలదీశారు. ఎక్కాననేశాను."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను, సిగ్గేసింది."

జీవితంలో నియమం తప్పని మేస్త్రి, "పోనీ ఇంకో అరగంట చూద్దామా?" అన్నాడు.

"వద్దు. చీకటిపడితే మీరూ నా వార్డులోనే చేరాలి" అని ఆమె లేచి దిగడం మొదలుపెట్టింది. దారంతా కూనిరాగాలు తీస్తూనే ఉంది. పైదాకా వెళ్లకుండానే అంత సంతోషం దేనికో మేస్త్రికి బోధపడలేదు. అడిగితే మళ్లీ 'ఊరికే' అంటుందేమోనని అడగలేదు.

సోమవారం ఆమె కుంటుకుంటూ వార్డుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇన్నాళ్లూ చెప్పింది అబద్ధమని, నిన్న ఎక్కబోయి తప్పిపోయామని, పైన ఏముందో తనకూ తెలియదని. చెరువు తాత దిండుమీంచి తలెత్తాడు.

"అయితే చెరువు లేదని మాత్రం నువ్వు చెప్పలేవు కదమ్మా?"

పక్క మంచంమీది పూలతోట ఆయన దుప్పటి విసిరేసి లేచి కూర్చున్నాడు.