నా పందులు, వాళ్ల శెనక్కాయలు

నావి సీమ పందులు. సిమెంటు గచ్చు మీద, రేకుల షెడ్డు కింద ఉంటాయి. గేటు దాటి ఒక్కటీ బయటికి రాదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టిందే తప్ప మా ఊళ్లో ఒక్కడి బుర్రకూ ఎక్కలేదు.

మా ఊరు వెల్దుర్తి అవతల, కొండవార. మిరప వరసగా పురుగు పాలయ్యాక, నాకున్న కాస్త నేలలో ఓ మూల ఈ షెడ్డు వేసుకున్నాను. ఇది పోతే నేనూ మా ఆవిడా కూలికి పోవాల్సిందే. అప్పటినుంచి నా పేరు అందరూ మర్చిపోయారు, 'పందులోడు' అంటేనే గుర్తుపడతారు. పెళ్లికి పిలుస్తారు, బంతిలో మాత్రం పక్కన కూర్చోరు. మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు.

వీళ్లందరికీ పెద్ద, నాకు పెదనాన్న వరసయ్యే ఆయన. ఆయన చేనికి దారి మా గేటు ముందునుంచే. బండి మీద వస్తూ సరిగ్గా గేటు దగ్గర తువ్వాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంటాడు, గాలి ఎటు వీస్తున్నా సరే. దాటగానే తీసేస్తాడు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

నిరుడు శెనక్కాయ ఊడలు దిగే వేళకు కొండమీది అడవి పందులు చేలమీద పడ్డాయి. పొద్దున్నే చూస్తే చెట్లన్నీ వేళ్లతో సహా కుళ్లగించి ఉన్నాయి. పెదనాన్న తిన్నగా మా గేటు దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్, నీ పందుల్ని వదిలావా ఏంది?"

"నా పందులకి దాణా తొట్టి తప్ప ఇంకో దారి తెలవదు పెదనాన్నా. అడుగులు చూడు, కొండకేసి పోయినయ్యి."

ఆయన అడుగులు చూశాడు, తల పంకించాడు. "అయితే నీ పందుల వాసనకే వచ్చుంటయ్. చుట్టరికం ఊరకే పోద్దా?"

నేను వెళ్లి నా పందులకి దాణా పోసుకున్నాను.

ఊరంతా తలో ఉపాయం పన్నింది. చేల చుట్టూ పాత చీరలు కట్టారు. మంగలి షాపునుంచి జుట్టు తెచ్చి చల్లారు. ఒకాయన సెల్లులో పులి అరుపు పెట్టి స్పీకరు తగిలిస్తే, తెల్లారేసరికి సరిగ్గా ఆ స్పీకరు కిందే తవ్విపోయాయి. కరెంటు తీగ లాగుదామన్నారు కొందరు. మనుషులు చస్తారని ఆడవాళ్లు తిట్టి మాన్పించారు. చివరికి వ్యవసాయం ఆఫీసునుంచి ఒకాయన వచ్చి, పెంపుడు పందుల పెంట నీళ్లలో నానబెట్టి గట్ల వెంట చల్లమన్నాడు. ఇది వేరే మంద జాగా అనుకుని అడవి పందులు రావట. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు తెలతెలవారుతుండగా పెదనాన్న బక్కెట్టుతో వచ్చాడు. గేటు ముందుకు కాదు, వెనక ముళ్లకంచె పక్కనుండే కంపసందులోంచి.

"ఒరేయ్, కాస్త పోయ్. ఎవరితోనూ అనమాక."

మా ఆవిడ అంచుదాకా నింపి ఇచ్చింది. ఇంటికొచ్చిన గిన్నెను వట్టిగా పంపకూడదని దాని పట్టుదల. కూరకైనా పెంటకైనా దానికి ఒకటే పద్ధతి. తర్వాత కంపసందు తెరిపి లేకుండా అయింది. ఒకడు వచ్చి పోయాక ఇంకొకడు, ప్రతివాడూ "ఎవరితోనూ అనమాక" అనేవాడే. నేను డ్రమ్ములో నానేసేవాణ్ని, వాళ్లు చల్లుకునేవాళ్లు. అడవి పందులు నిజంగానే రావడం మానేశాయి. ఇక నన్ను మనిషిగా చూస్తారని మురిసిపోయాను. నా వెర్రి గానీ!

ముసురు పట్టింది. తడిసిన గట్లమీంచి కంపు లేచి గాలితో ఊరిమీదికి కమ్ముకుంది. అన్నం ముద్ద దిగడంలేదన్నారు. ఊరి సచివాలయం ముందు మీటింగు పెట్టి నన్నూ మా ఆవిడనూ పిలిచారు. షెడ్డు తీసెయ్యాలని ఒకటే అరుపులు.

"ఇది నా షెడ్డు వాసన కాదు, మీ గట్ల వాసన," అన్నాను. "ఎవరెవరు చల్లారో చెప్పమంటారా?"

అందరూ తేలు కుట్టిన దొంగల్లా నేలచూపులు చూశారు. పెదనాన్న మాత్రం తొణకలేదు.

"గట్ల మీదికి ఏడనుంచి వచ్చిందిరా మరి? నీ షెడ్డు నుంచేగా," అని జనంకేసి తిరిగాడు. "సరే, శెనక్కాయ పీకిందాకా ఉండనిద్దాం. ఆ తర్వాత తీసెయ్యాల."

న్యాయమే అని అందరూ తలూపారు. ఒక్కడు నవ్వలేదు, ఒక్కడు సిగ్గుపడలేదు. అదీ నా కడుపు మంట.

అప్పటిదాకా నోరెత్తని మా ఆవిడ లేచింది. "ఏరు దాటినాక బోడి మల్లన్న అంటారు మామయ్యా. మీరు ఏటి మధ్యలోనే అంటన్నారు."

"రేపే తీసేస్తా," అనేశాను. ఉక్రోషంలో అన్న మాటే, కానీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. నడికుడి దగ్గర మా బావమరిదికి ఖాళీ జాగా ఉంది. సొంత నేల పెట్టుకుని బావమరిది పంచన చేరడం ఎంత నామోషీయో పడ్డవాడికే తెలుస్తుంది.

మర్నాడు పందుల్ని బండికెక్కిస్తుంటే జనం చేరారు. పెదనాన్న వచ్చాడు. ఈసారి ముందు గేటునుంచే, ముక్కుకు తువ్వాలు లేకుండా, చేతిలో బక్కెట్టుతో, పట్టపగలు, అందరూ చూస్తుండగా.

"పోతే పోయావు గానీ, ఒక డ్రమ్ము నానేసి పోరా. ఇంకా కాయ ముదరలా."

డ్రమ్ములో మిగిలింది కాలవలో గుమ్మరించి, ఖాళీ డ్రమ్మును బండిలో పడేశాను. మా ఆవిడ పెదనాన్న చేతిలోని బక్కెట్టు అందుకుంది. కుళాయి కింద శుభ్రంగా కడిగింది. నీళ్లు దులిపి, వట్టిదే ఆయన చేతికిచ్చింది.