గంగులు అడిగే రెండు ప్రశ్నలు

మా ఊళ్ళో నాకంటే ఎక్కువగా జనాన్ని ప్రశ్నలతో విసిగించే మనిషి ఒక్కడే ఉండేవాడు. సినిమా హాలు దగ్గర సైకిల్ స్టాండు నడిపే గంగులు. నా ప్రశ్నలు రకరకాలుగా ఉంటాయి. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, పొద్దున్న ఏం కూర వండారు, ఇలాగ. గంగులు ప్రశ్నలు మాత్రం రెండే. ఆ రెండూ అడక్కుండా దేవుడొచ్చినా స్టాండులోకి రానిచ్చేవాడు కాదు.

"గుంటలెంతమంది?" అనేది మొదటిది. మా విజయనగరం వైపు గుంటలంటే పిల్లలు.

"కాళ్ళు బాగున్నాయేటి?" అనేది రెండోది.

ఇది అరవై ఏడు, అరవై ఎనిమిది నాటి మాట. గరివిడి ఫ్యాక్టరీ వాళ్ళూ, చుట్టుపక్కల పల్లెల రైతులూ ఆదివారం మాట్నీకి మా ఊరే వచ్చేవారు. రెండు వందల సైకిళ్ళకు తక్కువ ఉండేవి కావు. ఒక్కరికీ తన సైకిలు తనకు నచ్చిన చోట పెట్టుకునే యోగం లేదు. జవాబులు విని గంగులే చోటు చూపించేవాడు. చంటిపిల్లలున్న వాళ్ళకు గేటు పక్కన ముందు వరస. ముసలివాళ్ళకు దాని వెనక వరస. ఏ బాదరబందీ లేకుండా కండలు తిరిగి ఉన్నవాళ్ళంతా అవతల గోడ దగ్గరికి పోవాలి. అక్కడ నీడ లేదు, తుమ్మముళ్ళు మాత్రం కావలసినన్ని.

ఒకసారి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చారు. పెళ్ళికూతురు సైకిలు వెనక కూర్చుని కాళ్ళ పారాణి చెరక్కుండా చూసుకుంటోంది.

"గుంటలెంతమంది?" అన్నాడు గంగులు.

"పెళ్ళై పది రోజులయింది మావా," అన్నాడు కుర్రాడు.

"అయితే గోడ దగ్గర ఎట్టు. వచ్చే ఏడు ముందుకొద్దువు గాని."

ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. ఏడాది తిరక్కుండా వాళ్ళు ముందు వరసకు వచ్చారనుకోండి, అది వేరే సంగతి.

రెండో ప్రశ్నతో ఇంకా చిక్కు. గరివిడి నుంచి వచ్చిన ఒక బండమనిషి "కాళ్ళు బాగున్నాయేటి" అన్నది విని, విరగ్గొడతాడు కాబోలనుకుని చొక్కా చేతులు పైకి మడిచాడు. గంగులు ఆ చేతుల వంక చూసి, "సేతులు అడగలేదు బాబూ, కాళ్ళు సెప్పు," అన్నాడు.

స్కూలు మేస్టారు కూర్మనాథం గారు తనకు అయిదుగురు పిల్లలని గట్టిగా చెప్పి ముందు వరసలో పెట్టబోయారు. "ఆఖరుదానికి ఎన్నేళ్ళు?" అన్నాడు గంగులు. "పద్నాలుగు." "అది గుంట కాదు మేస్టారూ, ఇంకో రెండేళ్ళలో పెళ్ళికూతురు. గోడ దగ్గరికి."

ముందు వరస మీద ఆశకొద్దీ ఫ్యాక్టరీ కుర్రాడొకడు క్యూలో ఉన్న ఎవరి బిడ్డనో చంకనేసుకుని వచ్చాడు. గంగులు ఎగాదిగా చూసి, "ఈ గుంట పేరేటి?" అన్నాడు. వాడు క్యూ వైపు తిరిగి చూశాడు. ఈలోగా ఆ బిడ్డ వాడి చొక్కా తడిపేసి, తన పేరు కంటే ముఖ్యమైన సంగతి చెప్పేసింది. గోడ దగ్గరికే పోయాడు పాపం, తడిచొక్కాతో.

రామతీర్థం తిరణాలకు వెళ్ళినా గంగులు ఊరుకునేవాడు కాదు. కొండ కింద విప్పిన ఎడ్లబళ్ళను చంటిపిల్లల లెక్కన వరసలు కట్టించి, తాను దర్శనం మరిచిపోయి తిరిగొచ్చాడని వాడి పెళ్ళాం గున్నమ్మ నాలుగు నెలలు సాధించింది.

"ఎందుకురా నీకీ గొడవ?" అని ఒకనాడు అడిగాను. వాడికి నేను అప్పను, అంటే అక్కను.

"సినిమా మద్దిలో గుంట ఏడిస్తే తల్లి ఏటి సేస్తాది తాయారప్పా? బయటికొస్తాది. సైకిలు ఎనకాల ఇరుక్కున్నాదనుకో, నలభై సైకిళ్ళు లాగాల. ఒకటి లాగితే పది పడతాయి. అప్పుడా గుంటతో పాటు నానూ ఏడవాల."

అది సబబుగానే ఉంది. నాకు అంతుపట్టనిది ఇంకొకటి. గేటుకు కుడివైపు, హాలుకు మెట్లు లేని పక్కతలుపు ఉందే, సరిగ్గా దాని ముందు నాలుగు సైకిళ్ళు పట్టేటంత చోటుకు గంగులు సున్నంతో గీతలు గీసి ఉంచేవాడు. అందులో ఎవరినీ పెట్టనిచ్చేవాడు కాదు. పది నెలల మనవణ్ణి ఎత్తుకుని నేనే వెళ్ళినా, "నీది ఎడం పక్కప్పా," అన్నాడు.

"మరి ఈ ఖాళీ ఎవరికి?"

"వస్తాడు."

"ఎవరు?"

"వచ్చినోడు."

వీధిలో ఎవరింట్లో ఏ పోపు వేగుతోందో వాసన బట్టి చెప్పగలదాన్ని. ఏడాదిన్నర పాటు ఆ నాలుగు గజాల నేల సంగతి నాకు తెలియలేదంటే ఎంత అవమానమో మీరే ఆలోచించండి. జనం తలొక మాటా అన్నారు. రాజుగారి కారుకని కొందరు, గంగులుకి మతి చలించిందని కొందరు. దానికి తోడు వాడికో పిచ్చి పట్టుకుంది. కనబడిన వాళ్ళనల్లా తెగిన గొలుసు, వంగిన పెడలు, పాత సీటు అడిగి తీసుకుపోయేవాడు. కొట్టు పెడతాడేమో అనుకున్నాం.

అప్పుడు దిగాడు నరసింగరావు. హాలు యజమాని అల్లుడు, శ్రీకాకుళం నుంచి మేనేజరుగా వచ్చాడు. కొత్త మోటారుసైకిలు ఉంది. చెడ్డవాడేమీ కాదు, మోటారుసైకిలు ఎండలో ఉంటే ప్రాణం ఒప్పదు, అంతే.

"గంగులూ, ఆ ఖాళీ ఎవరిది?"

"వస్తాడు బాబూ."

"పేరు చెప్పు, ఉంచుతాను."

"పేరు సెప్పనని మాటిచ్చాను బాబూ."

"ఏడాదిన్నర నుంచి ఎవరూ రాని చోటు అట. వచ్చే ఆదివారం మాట్నీ దాకా చూస్తాను. ఆ వచ్చేవాడెవడో రాకపోతే నా బండి అక్కడ ఉంటుంది. అడ్డం చెబితే స్టాండు ఇంకొకరికి ఇస్తాను."

గంగులు తల ఊపాడు. ఆ సాయంత్రం మొదటిసారి ఎవరినీ ప్రశ్నలు అడగలేదు. సైకిళ్ళన్నీ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు పెట్టేసరికి, ఆట వదిలాక అరగంట పాటు ఊరంతా ఒకరి సైకిలు ఒకరు లాక్కుంటూ కొట్టుకుంది.

ఇక నేను ఆగలేకపోయాను. మర్నాడు పొద్దున్నే కరివేపాకు వంకతో గంగులు ఇంటికి వెళ్ళాను. గున్నమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "కరేపాకు నాను కోసి తెస్తాను, నువ్వు పెరట్లోకెల్లొద్దప్పా," అంది. నాతో అలా అంటే దారి చూపించినట్టే.

పెరట్లో ఒక విచిత్రం ఉంది. ముందు ఒక చక్రం, వెనక ఒకే చక్రం, రెండో చక్రం ఉండవలసిన చోట ఇటుకలు. మధ్యలో చెక్క సీటు. పెడళ్ళు కాళ్ళ దగ్గర కాదు, ఛాతీ ఎత్తున ఉన్నాయి, చేతులతో తిప్పడానికి. ఊళ్ళో అందరూ పారేసిన సామానంతా అక్కడ ఒక్కటై కూర్చుంది. ఆ సీటు మీద కూర్చుని ఉన్నవాడు సోములు, మా ఊరికి రెండు మైళ్ళ అవతల పేటలో గడియారాలు బాగుచేసే కుర్రాడు. పక్కన పానా పట్టుకుని గంగులు. సోములుకి చిన్నప్పుడు జ్వరమొచ్చి కాళ్ళు సన్నబడిపోయాయి. పదిహేనేళ్ళు వచ్చేదాకా అన్న భుజాల మీద సినిమాకు వచ్చేవాడు. తర్వాత మానేశాడు.

"నన్నెవులూ మొయ్యద్దన్నాను పిన్నీ," అన్నాడు సోములు. "అందరూ సినిమా మానేసి నన్నే సూస్తారు."

"అయితే నువ్వే తోలుకుని రా, సోటు నానుంచుతానన్నాను," అన్నాడు గంగులు. "బండి కుదరకపోతే నలుగురూ నవ్వుతారని ఎవులికీ సెప్పొద్దన్నాడు. సోటు మటుకు ముందే ఉంచాల కదా. తరవాత అడిగితే ఎవులిస్తారు?"

బండి పుట్టక ముందే దానికి స్టాండులో చోటు పుట్టిందన్నమాట.

"మరి ఆ ఇటుకలేమిటి?"

"ఒక సక్రం దొరకలేదప్పా. మీ ఇంట్లో బావనడిగాను. ఆ సైకిలు ఇంకా ఎక్కుతానన్నాడు."

మా ఆయన పాత సైకిలు తొమ్మిదేళ్ళుగా సావిట్లో దూలానికి వేలాడుతోంది. పెళ్ళయిన కొత్తలో దాని మీదే నన్ను విజయనగరం తీసుకెళ్ళాడు. ఇద్దరం ఎక్కిన సైకిలు కనక సగం నాది. ముందు చక్రం ఉన్న సగం నాదని అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాను. మధ్యాహ్నం ఆయన సావిట్లో కునుకు తీస్తుంటే, ఆయన గురకకు లోబడి ఒక్కొక్క మరే విప్పాడు గంగులు. గురక ఆగితే పానా ఆగేది.

ఆదివారం వచ్చింది. నరసింగరావు మోటారుసైకిలు పట్టుకుని గీత పక్కనే నిలబడ్డాడు. మొదటి గంట కొట్టారు. గంగులు రోడ్డు వంకే చూస్తున్నాడు. రెండో గంట కూడా కొట్టారు. నరసింగరావు బండిని ముందు చక్రం గీత దాటేటట్టు తోశాడు. అప్పుడు మలుపు దగ్గర గొలుసు కరకర వినబడింది. సోములు రెండు మైళ్ళూ చేతులతో పెడళ్ళు తిప్పుకుంటూ వచ్చాడు. చొక్కా పిండితే చెంబుడు నీళ్ళు వస్తాయి.

గంగులు ఎదురు వెళ్ళలేదు, కౌగిలించుకోలేదు. గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుంటలెంతమంది?"

"పెళ్ళే అవలేదు మావా."

"కాళ్ళు బాగున్నాయేటి?"

"లేవు."

నొప్పులన్న ముసలివాళ్ళు చాలామందే గాని, అన్నాళ్ళ నుంచి అడుగుతున్న ప్రశ్నకు 'లేవు' అని చెప్పిన మొదటి మనిషి వాడే.

"అయితే ఇక్కడ ఎట్టు," అని సున్నపు గీతలు చూపించాడు గంగులు.

నరసింగరావు తన బండి వెనక్కి లాక్కున్నాడు. సోములు గీతల మధ్య బండి ఆపి, పక్కతలుపు గుండా చేతుల మీద జరుగుతూ లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరూ మొయ్యలేదు. నరసింగరావు, "గంగులూ, నన్నడగవేం?" అన్నాడు.

"గుంటలెంతమంది బాబూ?"

"లేరు."

"కాళ్ళు?"

"బాగానే ఉన్నాయి," అని తనే మోటారుసైకిలు తోసుకుంటూ తుమ్మముళ్ళ గోడ దగ్గరికి వెళ్ళాడు.

ఆట వదిలాక మా ఆయన ఆ మూడు చక్రాల బండి చుట్టూ రెండు సార్లు తిరిగాడు. వంగి వెనక చక్రాన్ని తడిమి చూశాడు.

"తాయారూ, ఈ చక్రం ఎక్కడో చూసినట్టుందే."

"మీకు ప్రతిదీ ఎక్కడో చూసినట్టే ఉంటుంది," అన్నాను. "ఊరికే అందరినీ ప్రశ్నలు వేసి విసిగించకండి. పదండి."