నేరుగా కలిపిన చిప్పు

దేవిశ్రీది మండపేట. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, రాజమండ్రిలో రైసుమిల్లు యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరింది. బియ్యంలో రాళ్లను కెమెరాతో పసిగట్టి గాలితో ఊదేసే యంత్రాలు వాళ్లవి. వాటిలో రాయేదో గింజేదో తేల్చేది ఒక చిప్పు, యంత్రమంతటినీ నడిపేది ప్రధాన ప్రాసెసర్. ఆ రెంటి మధ్యా కబురు మోసే బోర్డు చేసే ఆలస్యానికి, గాలి ఊదేసరికి రాయి కాస్తా దాటిపోయేది. దేవిశ్రీ ఆ బోర్డు తీసేసి చిప్పును నేరుగా ప్రాసెసర్‌కే కలిపింది. రెండూ ఒకే మెమరీ వాడుకునేలా చేసింది.

మొదటి యంత్రం బుల్లబ్బాయిగారి మిల్లులో బిగించారు. ఒక్క రాయి కనబడితే ఒట్టు. చుట్టుపక్కల మిల్లులవాళ్లూ ఎగబడి కొన్నారు.

వానాకాలంలో ఒకనాడు బుల్లబ్బాయిగారి మిల్లులో, యంత్రంలోకి బియ్యం ఎత్తిపోసే ఎలివేటర్‌లో బియ్యం ఇరుక్కుంది. ఆపరేటర్ ఐజాక్ దాని తలుపు తీశాడు. ఎలివేటర్ ఆగింది. చెయ్యి పెట్టాడో లేదో, మళ్లీ కదిలింది. రెండు వేళ్లు నుజ్జయిపోయాయి.

దేవిశ్రీ యంత్రాన్ని విప్పి చూసింది. చిప్పు తన లెక్కలు రాసుకుంటూ ఉమ్మడి మెమరీలో హద్దు దాటి, తలుపు తెరిచి ఉందని ప్రాసెసర్ రాసుకున్న సంగతిని చెరిపేసింది. పాత బోర్డు ఉంటే అడ్డుపడేది.

"మెయిన్ స్విచ్చి ఆపకుండా చెయ్యి పెట్టాడని చెప్పేద్దామమ్మా. అబద్ధం కాదుగా?" అన్నారు మేనేజరుగారు.

అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. ఆమె ఆసుపత్రికి బయల్దేరింది.

ఆసుపత్రిలో ఐజాక్ మంచం పక్కన బుల్లబ్బాయిగారు కూర్చుని ఉన్నారు.

"నాదే తప్పండి మేడమ్ గారూ, మెయిన్ ఆపాల్సింది" అన్నాడు ఐజాక్.

"కాదండీ. తలుపు తీస్తే ఆగుతుందని మీకు చెప్పింది నేనే. నేను కలిపిన చిప్పు వల్లే అది మళ్లీ కదిలింది."

బుల్లబ్బాయిగారు కుర్చీలోంచి లేచారు. "మరి మిగతా మిల్లుల్లో ఉన్నవాటి సంగతేంటమ్మా?" అన్నారు.

"ఇప్పుడే ఆపించేస్తానండి."

వరండాలోకి వచ్చి తనే ఒక్కో మిల్లుకూ ఫోన్ చేసింది. కొందరు నానా మాటలూ అన్నారు. మేనేజరుగారు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆమె పని మాత్రం ఆపలేదు. చిప్పుకు మెమరీలో హద్దు గీసి, తలుపు తీయగానే మోటారుకు కరెంటే తెగిపోయేలా విడిగా స్విచ్చి పెట్టింది.

గాయం మానాక ఐజాక్ పనిలోకి వచ్చాడు. కొత్త స్విచ్చి బిగించిన రోజే మళ్లీ బియ్యం ఇరుక్కుంటే తలుపు తీశాడు. ఎలివేటర్ ఆగింది.

"ఆగిందండి" అన్నాడు మర్యాదగా. కానీ చెయ్యి పెట్టలేదు. మెయిన్ కూడా ఆపి, కర్ర తెచ్చుకుని బియ్యం కదిపాడు.