పెట్టే బట్టలు

నిన్న బాన్సువాడలో ఒక పెళ్లికి పెట్టడానికి బట్టలు కొంటూ కవర్ విప్పితే, ఆ గంజి వాసన గుప్పున కొట్టింది. గుర్తొచ్చిందా దోస్తులూ? మీ ఇంట్లోనూ ఇనుప పెట్టె నిండా అవే ఉండేవి కదా, ప్యాంటు ముక్క, షర్టు ముక్క! ఒక పెళ్లిలో మనకు పెట్టేవాళ్లు, ఇంకో పెళ్లిలో మనం ఎవరికో పెట్టేవాళ్లం. ఎవరూ కుట్టించుకునేవాళ్లు కాదు.

ఏడో తరగతిలో నా ప్యాంటు వెనక చిరిగింది. క్లాసంతా ఒకటే నవ్వు.

"అమ్మా, పెట్టెలకెళ్లి ఒక్క ముక్క ఇయ్యే, కుట్టిచ్చుకుంట."

"అవి పెట్టేటియిరా, ముట్టకు. బీర్కూర్ల పెండ్లికి ఉత్త చేతులతోని పోదామా?"

ఏడ్చి ఏడ్చి ఒకటి సాధించాను. ఊళ్లో దర్జీ దాన్ని చేతుల్లోకి తీసుకుని కొంచెం గుంజాడు. అంచు పర్రున చిరిగింది.

"గిది తొడుక్కునేతందుకు నేసింది కాదు బిడ్డా, ఉత్తగ పెట్టేతందుకే."

మాకు పెట్టినవి చాలక, నాన్న చెరకు కొట్టిన కూలి అంతా అలాంటి గుడ్డలు కొనడానికే పోయేది. అమ్మ చిరిగిన అంచు లోపలికి మడిచి, అదే ముక్కను మళ్లీ కవర్లో పెట్టి ఆ బీర్కూర్ పెళ్లికి తీసుకెళ్లింది. నేను ఆ చిరుగు ప్యాంటుతో వెళ్లలేక బడి మానేశాను.