బాపు, నాయిన ఒక్కరే అనుకున్నాను

2022 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను పక్క సందులో మా డీటీపీ షాపు. డీటీపీ అంటే రాతప్రతిని కంప్యూటర్‌లో కొట్టి, పుస్తకం పేజీలుగా అమర్చడం. మాకు పెళ్లిపత్రికలే ఎక్కువ, నవల వస్తే నాకు పండగే.

ఎల్బీనగర్ నుంచి సత్తయ్యగారు ఒక నవల తెచ్చారు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు, సొంతూరు నల్లగొండ పక్క పల్లె. చిన్నప్పుడు తండ్రి చేతిలో చావుదెబ్బలు తిన్నవాడు, పెద్దయ్యాక కూడా ఎవరు చెయ్యెత్తినా ఉలిక్కిపడే కథ. పేర్లు మార్చినా కథ తనదేనన్నారు. పెళ్లాంతో కూడా ఎన్నడూ చెప్పుకోలేదట. అచ్చయ్యాక మొదటి పుస్తకం ఆమె చేతిలోనే పెడతానన్నారు.

నేను టైపు కొడుతుంటే ఒకచోట బాపు, ఇంకోచోట నాయిన. మాది తెనాలి వైపు. తెలంగాణలో రెండూ నాన్నే కదా, పెద్దాయన తడబడ్డారులే అనుకున్నాను. ఫైండ్ అండ్ రీప్లేస్ అని ఒకటుంది, ఒక మాటను పుస్తకమంతా ఒక్కసారే మార్చేస్తుంది. పెద్ద పండితురాలిలా నాయినలందరినీ బాపు చేసేశాను.

ప్రూఫు చదివి సత్తయ్యగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"బాపు కొట్టినోడు బిడ్డా. నాయిన మా చిన్నమ్మ పెనిమిటి. తొమ్మిదేండ్లప్పుడు నన్ను తోల్కపోయి సాది పెద్దజేసిండు. నువ్వు ఇద్దర్ని ఒక్కన్ని చేసినవ్."

కొరివితో తల గోక్కున్నాను. ఏది అసలు బాపో, ఏది నేను చేసిన బాపో కంప్యూటర్‌కు తెలియదు. రెండు రోజులు ఆయన రాతప్రతి చూసి చదివారు, నేను మార్చాను. నాయిన మాట రాగానే ఆయన ముఖం విప్పారేది. చూడని ఆ మనిషంటే నాకూ ఇష్టం కలిగింది.

జ్వరమొచ్చిన ఆరేళ్ల పిల్లవాణ్ని భుజానేసుకుని, ఎండలో దవాఖానకు నడిచే ఘట్టం వచ్చింది. రాతప్రతిలో నాయిన అనే ఉంది. కంప్యూటర్‌లో ఉన్న బాపును నేను నాయినగా మార్చబోతే ఆగమన్నారు. ఆ పేజీని చాలాసేపు చూశారు.

"ఆరేండ్లప్పుడు నేనింకా నాయిన దగ్గరికి పోనేలేదు. మంచిపని గదా, చెయ్యి నాయిన అనే రాసింది."

ఏం చేయమంటారని అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బాపే, బిడ్డా. బాపు అనే ఉండనియ్."

నాకు ఏడుపొచ్చింది. అప్పటినుంచి ఎవరి రాతలోనైనా తెలియని మాట కనబడితే దిద్దను, ఫోన్ చేసి అడుగుతాను. సంగతేమిటో రాసినవాళ్లకే తెలియాలి. ఒక్కోసారి వాళ్లకీ అడిగినప్పుడే తెలుస్తుంది.