సమ్మవ్వ చేపలకు మెడికల్

సమ్మవ్వకు గోదావరి నిద్రలో కూడా వినిపిస్తుంది. పెళ్ళయి గోదావరిఖని క్వార్టరుకు వచ్చినప్పటి నుంచి ఒక చెవిలో గని సైరను, ఇంకో చెవిలో ఏరు. పెనిమిటి నర్సింగం బొగ్గు బాయిలో పని చేసి రిటైరయ్యాక ఏరే గెలిచింది. ఇప్పుడు తెల్లారేసరికి ఆయన తెప్ప మీద వల తీస్తుంటే ఆమె ఒడ్డున గంప పట్టుకొని నిలబడుతుంది. చేతికొచ్చిన ప్రతి చేప వీపునూ బొటనవేలుతో నొక్కి చూస్తుంది, పసిపిల్ల బుగ్గ నొక్కినంత మెత్తగా.

ఈ ఎండాకాలం ఆ వేలికి ముల్లే తగులుతోంది. రవ్వ చేపలు పొడుగ్గానే ఉన్నాయి గానీ తలకాయ పెద్దది, ఒళ్ళు సన్నది. అన్న అంగీ తొడుక్కున్న పిల్లగాళ్ళలా ఉన్నాయి.

అప్పుడే పెద్దపల్లి నుంచి కబురొచ్చింది. చేపల ఆఫీసులో పనిచేసే ఫెబా అనే అమ్మాయి వచ్చి చేపల ఆరోగ్యం పరీక్ష చేస్తుందట. ఖనిలో పరీక్ష అంటే మెడికల్, అన్‌ఫిట్ అంటే పని బంద్. నర్సింగం మెడికల్‌కు పోయే ముందల్లా సమ్మవ్వ పాలు, గుడ్లు తినిపించి, తలంటి పంపేది. ఇప్పుడు చేపలు పరీక్ష తప్పితే వల బంద్ చేస్తారని ఆమె భయం. నర్సింగానికి మాత్రం నవ్వులాటగా ఉంది.

“మనిషి అన్‌ఫిట్ అయితే కొడుక్కు నౌకరన్న వస్తది. చేప అన్‌ఫిట్ అయితే మనకేమొస్తదే?”

ఫెబా వచ్చే రోజు పొద్దున పడ్డవాటిలో సమ్మవ్వ బలిసిన నాలుగింటిని ఏరి గంపలో పెట్టింది. బక్కవాటిని తడి గోనెసంచి కింద దాచింది.

ఫెబా ఇసుక మీద పట్టా పరిచి ఒక్కో చేపనూ కొలబద్ద మీద పడుకోబెట్టింది, కాంటాలో తూచింది. ఒకదాని కడుపు కోస్తే పేగుల చుట్టూ కొవ్వు వెన్నలా మెరిసింది. పొడుగుకు తగ్గ బరువుంటే చేప కడుపునిండా తిన్నట్టని చెబుతూ ముచ్చటపడింది. ఇక్కడ మేత బాగుంది గనుక వానలు పడగానే ఏటిలోని ఈ మడుగులోకి రెట్టింపు చేపపిల్లలను వదలమని రాస్తానంది.

రెట్టింపు నోళ్ళు. సమ్మవ్వ కళ్ళ ముందు నీళ్ళన్నీ తెరుచుకున్న చిన్నచిన్న నోళ్ళయ్యాయి. గోనెసంచి కింద ఒక తోక టపటపలాడింది. ఎవరూ అటు చూడలేదు. ఆమే పోయి సంచి లాగేసింది.

“ఇవి గూడ గీ నీళ్ళల్లయే బిడ్డా. మెడికల్ల ఫెయిలయితయని దాచిన.”

ఫెబా ఇసుకలో కూలబడి నవ్వింది. వాళ్ళ నాయన శాంతిరాజ్ కూడా గని మనిషే. మెడికల్ దగ్గరపడితే ఆ ఇంట్లో పిల్లల గుడ్లు కూడా ఆయన కంచంలోకే పోయేవి.

“సన్నగున్నయని వల బంద్ పెట్టమవ్వా. పిల్లల్ని తక్కువ ఇడుస్తం. ఉన్నయే మంచిగ తింటయి.”

బక్కవాటినీ కొలిచింది. వానలకు ఈ మడుగులోకి కొన్ని పిల్లలనే వదిలారు. చలి మొదలయ్యేసరికి సమ్మవ్వ బొటనవేలు రవ్వ వీపులో మెత్తగా దిగింది. ముల్లు కోసం వెతికి, దొరకక, ఆమె మురిసిపోయింది.

ఆ నెల ఫెబా మళ్ళీ వస్తే సమ్మవ్వ ఏరకుండా గంపంతా పట్టా మీద గుమ్మరించింది. నర్సింగం అంగీ పైకెత్తి, తననూ ఆ కొలబద్ద మీద పడుకోబెట్టమన్నాడు.

“నువ్వు ఎప్పుడో పాసయినవు,” అంది సమ్మవ్వ. “పోయి వల దియ్యి.”